మరిడమ్మ ఫుడ్స్ అను మైనరు బాలిక

మా కొట్టుకి అమెరికా పౌరసత్వం వచ్చింది. నాకు రాలేదు.

ఇందులో కొట్టుని తప్పు పట్టడానికేమీ లేదు. అది ఇక్కడ పుట్టింది, నేను పెద్దాపురంలో పుట్టాను. సరుకు ఎక్కడ తయారైందన్నది డబ్బా మీద రాసి ఉంటుంది. దాన్ని గీకి చెరిపినవాడు వ్యాపారి కాడు, దొంగ.

పెద్దాపురంలో మా అన్నదమ్ములది పచ్చళ్ళు, అప్పడాల వ్యాపారం. దానికి అమెరికాలో శాఖ తెరుస్తామని కాగితాలు పెట్టి, ఆ శాఖ మేనేజరుగా ఏడేళ్ళ వీసా మీద నేనూ మా ఆవిడ మాణిక్యమూ మార్లో కౌంటీకి వచ్చాం. వచ్చిన మూడో నెలలో కొట్టు తెరిచాను. మా ఊరి అమ్మవారి పేరు పెట్టాను. శాశ్వతంగా ఉండడానికి దరఖాస్తు చేస్తే, మా దేశంవాళ్ళ వరస పొడుగనీ, నా వంతు ముప్ఫయి నాలుగేళ్ళకి రావచ్చనీ లాయరు ఫణీంద్ర చెప్పాడు. ఏడులోంచి ముప్ఫయి నాలుగు పోదని నాకు రెండో తరగతిలోనే చెప్పారు.

ఈలోగా మా రాష్ట్రపు పెద్ద కోర్టు ఏదో కేసులో, కంపెనీ కూడా మనిషే, మనిషికున్న హక్కులన్నీ దానికీ ఉంటాయి అని తీర్పు ఇచ్చింది. మిగతా కౌంటీలవాళ్ళు ఆ తీర్పు చదివి బీరువాలో పెట్టుకున్నారు. మా కౌంటీవాళ్ళు అమలుపరిచారు.

దానికో కారణం ఉంది. మార్లో జనాభా పందొమ్మిది వేలు. ఇరవై వేలుంటే గానీ రాష్ట్ర శాసనసభలో సొంత సీటు రాదు. పోస్టాఫీసు పక్కన ఒక అద్దె గది ఉంది, అందులో కుర్చీ కూడా లేదు గానీ పదిహేను వందల కంపెనీల చిరునామాలున్నాయి. మేయరు వాల్కాట్ ఆ గది ముందు నిలబడి ప్రకటన చదివాడు.

"ఇందుమూలముగా యావన్మందికీ తెలియపరచడమేమనగా, ఈ కౌంటీ భూమిపై రిజిస్టరై ఊపిరి పోసుకున్న ప్రతి కంపెనీయూ సహజ పౌరుడు లేక పౌరురాలిగా పరిగణింపబడును. వారి హక్కులకు గానీ, బాధ్యతలకు గానీ ఎట్టి లోటూ రానివ్వబడదు."

హక్కులు అన్న మాటకి నేను చప్పట్లు కొట్టాను. బాధ్యతలు అన్న మాట వచ్చేసరికి చేతులు ఇంకా ఆగలేదు. బేరంలో రెండో మాట వినకుండా తల ఊపకూడదని మా నాన్న చెప్పేవాడు.

మూడో వారంలో ఉత్తరం వచ్చింది. మిస్ మరిడమ్మ ఫుడ్స్‌ని జ్యూరీలో కూర్చోవడానికి రమ్మని. స్వయంగా రాకపోతే అరెస్టు.

"ఎవరండీ ఈ మిస్సు?" అంది మాణిక్యం.

"మన కొట్టే."

"కొట్టుని కోర్టుకెలా తీసుకెళ్తారండీ? బస్సులో ఎక్కిస్తారా?"

ఫణీంద్రకి ఫోన్ చేశాను. కాకినాడవాడు, ఇక్కడే చదువుకున్నాడు. చట్టం అంటే అతనికి తగని గౌరవం, అందుకే కేసులు ఓడిపోతాడు. కంపెనీ సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి పట్టుకెళ్ళమన్నాడు. పట్టుకెళ్ళాను. గుమ్మం దగ్గర గార్డు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఆమె గుర్తింపు పత్రం. ఆమె ఏరీ?"

"కొట్టు దగ్గరే ఉందండి."

"ఎందుకు రాలేదు?"

"కదల్లేదండి."

గార్డు ముఖం మెత్తబడింది. లోపలికెళ్ళి చెప్పాడు. సాయంత్రానికి జడ్జి పిమ్ గారి ఉత్తర్వు వచ్చింది: సదరు జ్యూరరు శారీరకముగా కదలలేని స్థితిలో ఉన్నందున, మానవతా దృక్పథముతో న్యాయస్థానమే ఆమె వద్దకు తరలివచ్చును.

సోమవారం పొద్దున్న పది గంటలకి న్యాయస్థానం మా కొట్టుకి వచ్చింది. పదకొండుమంది జ్యూరర్లు బియ్యం బస్తాల మీద కూర్చున్నారు. వాది అప్పడాల వైపు, ప్రతివాది అగరొత్తుల వైపు నిలబడ్డారు. ఒకరి మేక ఇంకొకరి గులాబీలు తిన్న కేసు. జడ్జిగారు బిల్లింగు కౌంటరు వెనక నా స్టూలు మీద కూర్చున్నారు.

మధ్యలో ఒకావిడ లోపలికొచ్చింది. "ఏవండీ, దొండకాయలు లేతవి వచ్చాయా?" అంది, మేక యజమానిని పక్కకి జరుపుతూ.

"ఫ్రిజ్‌లో రెండో అరమ్మా. మెల్లగా తియ్యండి, కోర్టు జరుగుతోంది."

"మీ ఇంట్లో గొడవలా?"

"మేకదమ్మా."

"పాపం" అని ఆవిడ దొండకాయలు ఏరుకుంది.

జడ్జిగారు జ్యూరర్లందరిచేతా ప్రమాణం చేయించి, చివరికి కప్పువైపు చూస్తూ అడిగారు. "మిస్ ఫుడ్స్, నిష్పక్షపాతంగా తీర్పు చెబుతారా?"

అంతలో ఫ్రిజ్ మోటారు గుర్రుమని మొదలైంది.

"జ్యూరరు అంగీకారము తెలిపినట్టు నమోదు చేయవలెను" అన్నారు జడ్జిగారు.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. జడ్జిగారు కళ్ళజోడు తుడుచుకుని పక్కకి చూశారు. అక్కడ గోడకి అర్చన రసీదు అంటించి ఉంది.

ఆ రసీదు సంగతి చెప్పాలి. కొట్టు తెరిచిన రోజున ఏటా ఇక్కడి గుళ్ళో దాని పేరున అర్చన చేయిస్తాను. పెండ్లికుల గోత్రం, రోహిణీ నక్షత్రం, మరిడమ్మ ఫుడ్స్. గుడివాళ్ళు కంప్యూటరు పెట్టాక, భక్తుడికి ఏమవుతారు అన్న గడి నింపితే గానీ చీటీ రావడం లేదు. అందులో స్వయం, భార్య, కొడుకు, కూతురు అని నాలుగే ఉన్నాయి. కొట్టు అన్నది లేదు. అమ్మవారి పేరు కదా అని కూతురు అన్నదాని మీద నొక్కాను. పుట్టిన తేదీ అడిగితే తెరిచిన తేదీ ఇచ్చాను. వెనక పాతికమంది నిలబడి ఉన్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు.

జడ్జిగారు ఆ చీటీ మూడుసార్లు చదివారు. ఇంగ్లీషులోనే ఉంది మరి.

"ఈమె మీ కూతురా?"

గుడిచీటీ మీద రాసింది అబద్ధమని కోర్టులో ఎలా చెప్పను? "ఆ లెక్కనే చూసుకుంటానండి" అన్నాను.

"ఆరేళ్ళ ఎనిమిది నెలలా?"

"అవునండి."

జడ్జిగారు లేచి నిలబడ్డారు. జ్యూరర్లు కూడా బస్తాల మీంచి లేచారు. ఆయన చెయ్యి గుండె మీద పెట్టుకున్నారు. "ఒక పసిబిడ్డను ఈ న్యాయస్థానము జ్యూరీలో కూర్చోబెట్టినది. విచారణ రద్దు చేయడమైనది. బాలికను తక్షణము శిశు సంక్షేమ శాఖవారు పరిశీలించవలెను."

దొండకాయలావిడ వెళ్తూ వెళ్తూ, "పిల్ల ఉందని ఎప్పుడూ చెప్పలేదేంటండీ?" అని నిష్ఠూరమాడింది.

మర్నాడు శిశు సంక్షేమ శాఖ నుంచి మిసెస్ ప్రూయిట్ అనే ఆవిడ వచ్చింది. కొట్టులోకి అడుగు పెడుతూ గోడని మెల్లగా నిమిరింది.

"బాలిక ఎన్నింటికి లేస్తుంది?"

"తొమ్మిదికి షట్టరు తీస్తానండి."

"పడుకునేది?"

"రాత్రి తొమ్మిదికి."

"వారంలో సెలవు?"

"లేదండి. ఆదివారమే గిరాకీ ఎక్కువ."

ఆవిడ రాసుకుంటూ పైకి చదివింది. "ఆరేళ్ళ బాలిక చేత రోజుకి పన్నెండు గంటలు, వారానికి ఏడు రోజులు పని. ఆహారం?"

నా పక్కన నిలబడ్డ ఫణీంద్ర వద్దని కళ్ళతో సైగ చేశాడు. నాకు అబద్ధం తోచలేదు. "కరెంటండి" అన్నాను.

"టీకాలు?"

"మూడు నెలలకోసారి బొద్దింకల మందు కొట్టిస్తామండి."

"బడి?"

నేను ఫణీంద్ర వైపు చూశాను. ఆవిడ మాణిక్యం వైపు తిరిగి, తల్లి మీరేనా అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

మాణిక్యం చెయ్యి నడుం మీద పెట్టుకుంది. "గుళ్ళో కూతురని రాయించింది ఈయన. నన్నొక మాట అడిగింది లేదు. ఎవరికి పుట్టిందో ఆయన్నే అడగమని చెప్పండి ఆవిడకి."

"అవునంటోందండి" అన్నాను మిసెస్ ప్రూయిట్‌తో.

చివరికి ఆవిడ నా కాగితాలు చూసింది. నా వీసా గడువు ఇంకా ఒక్క నెల. ఫైలు మూసి నావైపు జాలిగా చూసింది. తూకం తేలిపోయిన సరుకుని నేనూ అలాగే చూస్తాను.

పదిరోజులకి నోటీసు వచ్చింది. మరిడమ్మ ఫుడ్స్ అను మైనరు బాలిక తండ్రి త్వరలో దేశము విడిచి వెళ్ళవలసి ఉన్నందునను, బాలిక పౌరురాలు అయినందునను, ఆమెను యోగ్యులకు దత్తత ఇచ్చు విషయమై విచారణ జరుగును.

యోగ్యులు ఎవరో కోర్టులో తెలిసింది. హైవే మీది పెద్ద సూపర్‌మార్కెట్ కంపెనీ. వయసు అరవై రెండు, పోలీసు రికార్డు లేదు, ఇదివరకే నాలుగు వందల పన్నెండు మంది పిల్లల్ని దత్తత తీసుకుంది. అందరికీ తన పేరే పెట్టింది. వాళ్ళ పాత పేర్లు ఇప్పుడెవరికీ గుర్తులేవు.

"నా క్లయింటు ఈ బాలికను ఎంతో కాలముగా ప్రేమిస్తున్నది" అన్నాడు దాని లాయరు. "ముఖ్యముగా ఆమె ఉన్న కూడలి మూలస్థలమును."

ఫణీంద్ర లేచాడు. "కూతురు పౌరురాలైతే తండ్రిని ఉంచమని అడిగే హక్కు ఉంది కదండీ?"

వలస శాఖ అధికారి ఒక మూల కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ నలగని మనిషి. "ఉంది" అన్నాడు. "ఇరవై ఒక్క సంవత్సరములు నిండిన పిమ్మట. మరో పద్నాలుగు సంవత్సరముల చిల్లర ఆగవలెను. తండ్రిగారు తమ దేశమునుండి ఆగవచ్చును."

"పోనీ పిల్లని వెంట తీసుకెళ్ళనిస్తారా?"

"మాకు అభ్యంతరం లేదు. కానీ పౌరురాలి వ్రాతపూర్వక సమ్మతి కావలెను. మైనరుకు ఆ అధికారము లేదు."

ఫణీంద్ర నోట్సులో అది కూడా శ్రద్ధగా రాసుకున్నాడు.

జడ్జి పిమ్ గారు చట్టం పుస్తకం తెరిచారు. "చట్టము బాలిక శ్రేయస్సునే చూచును. ఈ కౌంటీ పరిధిలో ఆమెకు స్థిరనివాసము, అనగా ఎవరూ ఖాళీ చేయించుటకు వీలులేని నివాసము, ఉన్నదని గురువారములోగా రుజువు పరచినచో దత్తత ప్రశ్న ఉత్పన్నము కాదు."

కొట్టున్న గది అద్దెది. నా వీసాతోపాటే దాని లీజూ అయిపోతుంది. వీసా లేనివాడితో కొత్త లీజు రాయనని యజమాని ముందే చెప్పాడు.

ఇంటికొచ్చాక మాణిక్యం కంచాలు పెడుతూ అంది. "పోదాం పదండి. పెద్దాపురంలో పచ్చళ్ళు తినేవాళ్ళు లేరా?"

"ఉన్నారు. వాళ్ళకి మా అన్నయ్య ఉన్నాడు."

"మీకు మాత్రం అంత ఏముందని ఇక్కడ?"

ఏముందో చెప్పాలంటే ఆ కొట్టంతా చెప్పాలి. ఆరువందల ఇళ్ళకి ఏ బియ్యం కావాలో నాకు తెలుసు. ఎవరింట్లో గోంగూర పడదో, ఎవరి తద్దినం ఏ నెలలోనో, ఏ కుర్రాడికి కందిపొడి పంపితే వాళ్ళమ్మ బెంగ తీరుతుందో తెలుసు. అరవై మైళ్ళ నుంచి కారేసుకుని వచ్చి, అడిగింది లేదంటే ఉన్నది పట్టుకెళ్తారు. సరుకు మళ్ళీ కొనుక్కోవచ్చు. ఆ నమ్మకం ఏ హోల్‌సేలు మార్కెట్లోనూ దొరకదు. సూపర్‌మార్కెట్టువాడు దాన్ని ఏ అరలో పెడతాడు?

"గురువారం దాకా ఆగు" అన్నాను.

వ్యాపారంలో నేను నేర్చుకున్నది ఒకటే. గవర్నమెంటు ఫారంలో ఏం రాసి ఉందో అందరూ చదువుతారు. ఏం రాసి లేదో చదివినవాడు బతుకుతాడు. ఆ రాత్రి కంపెనీ ఫారాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. నాలుగో పేజీలో రిజిస్టర్డ్ ఆఫీసు అన్న గడి ఉంది. కంపెనీకి చట్టప్రకారం నివాసం అదే. దానికి షరతులు మూడు. కౌంటీ పరిధిలో ఉండవలెను. వ్యాపార వేళల్లో తెరిచి ఉండి ఉత్తరములు స్వీకరించవలెను. పోస్టు బాక్సు అయి ఉండరాదు.

గోడలుండాలని ఎక్కడా లేదు.

పొద్దున్నే కౌంటీ క్లర్కు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆవిడ ఫారం చూసి వెనక్కి నెట్టింది.

"ఇది చిరునామా కాదు. ఇది మీరు."

"షరతులు చూడండమ్మా."

ఆవిడ చూసింది. "కౌంటీ పరిధిలో ఉన్నారా?"

"మీ ఎదురుగా ఉన్నాను."

"వ్యాపార వేళల్లో తెరిచి ఉంటారా?"

"తొమ్మిది నుంచి తొమ్మిది దాకా."

"ఉత్తరాలు స్వీకరిస్తారా?"

చెయ్యి చాపాను.

"మీరు పోస్టు బాక్సా?"

"కాదండి."

ఆవిడ లోపలికెళ్ళింది. అద్దాల గదిలో ముగ్గురు అధికారులు పుస్తకాలు తిరగేయడం నాకు కనిపిస్తూనే ఉంది. అరగంటకి తిరిగొచ్చింది. "కంపెనీ మనిషి కావచ్చునని మేమే తీర్మానించినందున, మనిషి ఆఫీసు కాకూడదనుటకు నియమమేదీ కానరాలేదని మా అధికారి అభిప్రాయము" అని చదివి, ఠపీమని ముద్ర కొట్టింది. "ఆఫీసు మీద కంపెనీ పేరు స్పష్టంగా కనపడాలి. గుర్తుంచుకోండి."

గురువారం నా చొక్కా జేబు మీద మరిడమ్మ ఫుడ్స్ అన్న అట్టముక్క పిన్నుతో గుచ్చుకుని కోర్టుకెళ్ళాను.

"బాలిక నివాసము హాజరైనదా?" అన్నారు జడ్జిగారు.

"హాజరైందండీ" అన్నాడు ఫణీంద్ర. ఆ గొంతులో ధీమా వినడం నాకదే మొదటిసారి.

సూపర్‌మార్కెట్ లాయరు గంతేసి లేచాడు. "యువరానర్, ఇతను నడుస్తాడు! నడిచేది స్థిరనివాసము ఎలా అవుతుంది?"

జడ్జిగారు చిరాకుపడ్డారు. "ఈ కౌంటీలో నాలుగోవంతు జనము చక్రాలున్న ఇళ్ళలో నివసించుచున్నారు. వారిని నిరాశ్రయులందురా? ఈ నివాసము కౌంటీ సరిహద్దు దాటరాదని ఉత్తర్వు ఇచ్చుచున్నాను. ఇక ఇది స్థిరనివాసమే." తరవాత మిసెస్ ప్రూయిట్ వైపు తిరిగారు. "బాలిక చదువు?"

"తల్లి ఇంటివద్దనే చెప్పవచ్చును" అంది ఆవిడ, ఆ చదువు పూర్తయ్యేదాకా తల్లి వీసా పొడిగించాలని వలస శాఖకి సిఫార్సు రాస్తూ. అప్పట్నించీ మాణిక్యం రోజూ మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, పప్పుల అరల ముందు నిలబడి ఎక్కాలు చెబుతోంది. "మా ఇంట్లో ఆయన కంటే ఇదే నయం, ఎదురు చెప్పదు" అంటుంది.

దత్తత కొట్టేశారు. కొట్టుకి కూడా కొత్త లీజు అక్కర్లేకుండా పోయింది. బాలికను ఆమె పెరిగిన గదిలోంచి పంపరాదని మిసెస్ ప్రూయిట్ యజమానికి ఉత్తరం రాసింది.

ఇక మిగిలింది వలస శాఖ. గడువు తీరిన మర్నాడు, తటవర్తి రాఘవులు అను వ్యక్తి, అనగా నేను, దేశము విడిచి వెళ్ళవలెనని నోటీసు పట్టుకుని ఆ అధికారే స్వయంగా వచ్చాడు. చట్టప్రకారం దాన్ని రాఘవులు పనిచేసే ఆఫీసు చిరునామాలో అందించాలి. చిరునామా నేనే. ఇచ్చాడు. తీసుకున్నాను.

"రాఘవులు ఉన్నాడా?" అన్నాడు.

"ఇది మరిడమ్మ ఫుడ్స్ రిజిస్టర్డ్ ఆఫీసండి. ఇక్కడ మనుషులెవరూ కాపురం ఉండడానికి పర్మిషను లేదు."

అతను నా ముఖం చూశాడు. జేబు మీది అట్టముక్క చూశాడు. జడ్జిగారి ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. నోటీసు వెనక్కి తీసుకుని, చిరునామా సరియైనది, వ్యక్తి కనబడలేదు అని దాని మీద రాసుకుని వెళ్ళిపోయాడు.

అలా ఉండిపోయాను. ఏదీ ఊరికే రాదు. ఫైరు డిపార్టుమెంటువాళ్ళు వచ్చి కొలతలు తీసుకుని, నా నడుముకి మంటలార్పే చిన్న సిలిండరు ఒకటి కట్టి వెళ్ళారు. హోల్‌సేలు మార్కెట్టు పక్క కౌంటీలో ఉంది కాబట్టి సరుక్కి మాణిక్యమే వెళ్తోంది. నాకంటే గట్టిగా బేరమాడి, నాకంటే మంచి చింతపండు తెస్తోంది. బ్యాంకులో నా ఖాతా మూసేశారు, ఆఫీసులకి సొంత ఖాతా ఉండదట. ఓ ఆదివారం మా గుడి పంతులుగారు నా పేరు, గోత్రం అడిగి, జేబు మీద చూసి, కొట్టు పేరున అర్చన చేసేశారు. లాభం ఒకవైపు, ఇవన్నీ ఒకవైపు వేసి చూశాను. ముల్లు లాభంవైపే ఉంది.

నెల తిరక్కుండా ఆ అధికారి మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో కాగితం, ముఖంలో మర్యాద.

"ఫైలు మూయవలసి ఉన్నది. తటవర్తి రాఘవులు అను వ్యక్తి ఈ దేశములో ఇక లేడని, అతనిని దగ్గరగా ఎరిగినవారు ఎవరైనా ధ్రువీకరించవలెను. భార్య ఉన్నచో శ్రేష్ఠము."

మాణిక్యం చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కాగితం నేనే చదివి చెప్పాను.

"మీరు లేరని సంతకం పెట్టాలా?"

"ఆ. ఆ గడిలో ఎప్పట్నించి లేనో తారీఖు వెయ్యాలి."

"ఎప్పట్నించి లేరని వెయ్యమంటారు?"

"ఇవాళ్టినించి వెయ్యి."

మాణిక్యం కలం పట్టుకుని నావైపు చూసింది. కౌంటరు చూసింది, షట్టరు చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"గవర్నమెంటు కాయితం మీద అబద్ధం రాయకూడదండీ" అని, కొట్టు తెరిచిన రోజు తారీఖు వేసి సంతకం పెట్టింది.

అధికారి దాన్ని వెలుతురుకి పట్టి చూసుకుని సంతోషించాడు. అయితే ఆ వ్యక్తి ఇక్కడ ఒక్కరోజు కూడా అదనంగా ఉండలేదన్నమాట, రికార్డు మచ్చలేనిది అన్నాడు. మాణిక్యం చేతిలోంచి తన కలం తీసుకుని, నా భుజం తలుపు తోసినట్టు పక్కకి తోసుకుని బయటికి నడిచాడు.